ఇంటి ఆదాయం

మూడో పేజీ దాకా బాగానే నడిచింది.
పేరు కెరెన్సా పాస్కో. పుట్టిన తేదీ.
వెళ్ళబోయే ఊరు ప్లిమత్. చదవబోయేది సముద్ర శాస్త్రం.
ఈ చదువే ఎందుకని యూనివర్సిటీ వాళ్ళు అడిగితే
పోయిన నెలే నాలుగు వేల అక్షరాల సముద్రం రాసిచ్చాను.
నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.
"బావుంది," అన్నాడు. "చలే లేదు."

నాలుగో పేజీలో ఒకటే గడి,
అగ్గిపెట్టంత:
మీ ఇంటి ఆదాయం ఎంత?

న్యూలిన్ రేవులో అందరి సంగతీ అందరికీ తెలుసు.
ఎవరి పడవ ఎప్పుడొచ్చింది, ఎవరికి మోకాలు పట్టేసింది,
ఎవరు ఎవరితో మాట మానేశారు.
డబ్బు సంగతొక్కటే గుట్టు.
అమ్మ ఉన్నప్పుడు అమ్మక్కూడా చెప్పలేదు మా నాన్న.
"గడుస్తోందిగా," అనేవాడు.
పద్దెనిమిదేళ్ళుగా మా ఇంటి ఆదాయం అదే,
గడుస్తోందిగా.

ఆ మాట గడిలో పట్టలేదు.
అంకెలే వెయ్యాలని ఎర్రక్షరాలతో కసిరింది.

నాన్న పేరన వేరే ఖాతా తెరవాలట,
రహస్య ప్రశ్నతో సహా.
మీ మొదటి పెంపుడు జంతువు పేరు?
చాలాసేపు ఆలోచించి,
"సీగల్ లెక్కలోకొస్తుందా?" అన్నాడు.
ఒంటికాలిదట. పేరు బిషప్.
ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదు బిషప్ గురించి.

అప్పుడొచ్చింది మంచం కిందనించి బిస్కెట్ల డబ్బా.
మూత తియ్యగానే కానగంతల వాసన.
వేలం చీటీలు, డీజిల్ బిల్లులు, ఐసు బిల్లులు,
ఉప్పు పట్టి బిగుసుకున్న కాగితాలు, విప్పితే పెళపెళ.
నేను పైకి చదువుతుంటే
డెంజిల్ పాస్కో కిటికీలోంచి వాతావరణం చూస్తున్నాడు,
బయట చూడదగ్గ వాతావరణమేం లేకపోయినా.

పడవ వాటా. పడవ వాటా.
తుఫాను వారం, సున్నా.
తుఫాను వారం, సున్నా.
మార్చి: పాత ఇంజను అమ్మకం, ఆరువందల యాభై.

మార్చి.
మా బడి వాళ్ళు మమ్మల్ని బ్రిటనీ తీసుకెళ్ళిన నెల.
వారం రోజులకి మనిషికి ఆరువందల ముప్ఫై.
అక్కడ వంతెన మీద పేన్‌కేకు తింటూ ఫొటో పంపితే
జవాబుగా ఒక బొటనవేలు పంపాడు.

కూడాను. కొట్టేశాను. మళ్ళీ కూడాను.
పదకొండు వేల నాలుగువందల పన్నెండు.

సిగ్గుపడాల్సిన సంగతి చెప్తాను.
ఆ అంకె చూడగానే ముందు నాకు సంతోషమేసింది.
ఆదాయం తగ్గేకొద్దీ అప్పు ఎక్కువిస్తారు మరి.
నిండు అప్పుకి సరిపడా పేదవాళ్ళమే మేం.
లోపలెవరో చప్పట్లు కొట్టి
చటుక్కున చేతులు వెనక్కి దాచుకున్నారు.

"ఎప్పటికి తీరుస్తావు?" అన్నాడు.
"తీరకపోతే నలభై ఏళ్ళకి కొట్టేస్తారట. అప్పటికి నాకు అరవై దాటతాయి."
"ఐతే పర్లేదు. పడవ అప్పుకంటే మర్యాద తెలిసిన అప్పే."

తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.
కెటిల్ మరిగి దానంతటదే ఆగింది.
నేను "ఇంజను" అనబోయాను.
అతను లేచి కప్పులు కడిగాడు,
కడిగిన కప్పుల్నే.
వెనక్కి తిరిగి తెర చూస్తే:
మీరు చాలాసేపటినించి కదలడం లేదు,
మీ భద్రత కోసమే మిమ్మల్ని బయటికి పంపించాం.

మళ్ళీ మొదట్నించీ. బిషప్ నించీ.

ఈసారి ఆ గడి రాగానే
కీబోర్డు తనవైపు లాక్కున్నాడు.
వలలు అల్లే వేళ్ళు,
ఒక మీట నొక్కితే రెండు దిగిపోయే వేళ్ళు.
చూపుడువేలొక్కటే చాచి
ఒకటి. ఒకటి. నాలుగు. ఒకటి. రెండు.
నావైపు చూడకుండా మొదలుపెట్టి
చూస్తూ ముగించాడు.

"పెన్నీలు కూడా వెయ్యాలా?"
"అక్కర్లేదు నాన్నా."
"అరవై ఉన్నాయి," అన్నాడు.
"అడగలేదు వాళ్ళు."
"అడక్కపోతే మాన్లే," అన్నాడు. "ఉన్నాయి."